అన్నీ ఒకటే కదండీ? – వెబ్ సేవల పోలికల గురించి

ఈ మధ్య మీ దగ్గర్నుంచి వచ్చే ప్రశ్నల్లో సగం ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. "ఈ యాప్ ఆ యాప్ లాంటిదేనా?" "అది ఉంటే మళ్లీ ఇది ఎందుకు?" "రెండూ ఒకటే కదా, ఏదైతే ఏంటి?" ఒక్కోదానికి విడివిడిగా జవాబు చెప్పేకంటే, అసలు ఆ "లాంటిదే" అనే మాట దగ్గరే ఒక పూట కూర్చుందాం అనిపించింది. రెండు వెబ్ సేవలు ఒకేలా ఉన్నాయని మనం దేన్ని చూసి అనుకుంటాం? ఆ అనుకోవడం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మనల్ని ముంచుతుంది? ఇదీ ఈ రోజు సంగతి.

మనకి బాగా అలవాటైన దాంతో మొదలుపెడదాం. టీ కొట్టు దగ్గర "ఫోన్‌పే ఉందా అన్నా?" అని అడుగుతాం. ఆయన ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తాడు. మనం గూగుల్ పే తీసి స్కాన్ చేస్తాం. డబ్బులు ఆయనకి బహుశా మూడో కంపెనీ పెట్టిన సౌండ్ బాక్స్‌లో మోగుతాయి. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించదు. జిరాక్స్, డాల్డా, బిస్లరీ ఎలా కంపెనీ పేర్లు కాకుండా వస్తువు పేర్లయిపోయాయో, మన ఊళ్లలో "ఫోన్‌పే" కూడా అలాగే ఒక పని పేరు అయిపోయింది. "ఫోన్‌పే కొట్టు" అంటే డబ్బు పంపమని అర్థం, అంతే.

మరి ఇక్కడ జనం అనుకుంటున్నది తప్పా? నిజానికి చాలా వరకు తప్పు కాదండీ. యూపీఐ అనేది ఎన్‌పీసీఐ నడిపే వ్యవస్థ, 2016లో వచ్చింది. ఫోన్‌పే, గూగుల్ పే, భీమ్, ఇవన్నీ దానికి తలుపులు. మీరు ఏ తలుపులోంచి వెళ్లినా లోపల గది ఒకటే. డబ్బు యాప్‌లో ఉండదు, మీ బ్యాంకులో ఉంటుంది. మీ బ్యాంకు నుంచి ఎన్‌పీసీఐ మీదుగా అవతలివాళ్ల బ్యాంకుకి వెళ్తుంది. ఇంకో సంగతి. పిన్ కొట్టే పేజీ వస్తుంది చూడండి, నాలుగో ఆరో అంకెలు అడిగేది, అది ఏ యాప్‌లో చూసినా ఒకేలా ఉంటుంది కదా? అది ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టినందువల్ల కాదు. ఆ భాగాన్ని ఎన్‌పీసీఐయే తయారుచేసి అన్ని యాప్‌లకీ ఇస్తుంది. అక్కడ కనిపించే పోలిక నిజమైన పోలిక.

దీంట్లోంచి వచ్చే ఒక ఫలితం మాత్రం చాలామందికి తెలియదు. యూపీఐ పిన్ మీ యాప్‌ది కాదు, మీ బ్యాంకు ఖాతాది. ఒక యాప్‌లో పెట్టుకున్న పిన్ అదే ఖాతాకి ఇంకో యాప్‌లో కూడా పనిచేస్తుంది. కాబట్టి పిన్ ఎవరో చూసేశారని అనుమానం వస్తే, "ఆ యాప్ తీసేసి వేరేది వేసుకున్నాను, ఇక భయం లేదు" అనుకోవడం కుదరదు. పిన్ మార్చాలి. యాప్ తీసేయడం అంటే, తాళం చెవి పోతే తలుపుకి రంగు మార్చినట్టు. చూశారా, ఇక్కడ మన పొరపాటు రెండిటినీ ఒకటే అనుకోవడం కాదు, వేరువేరు అనుకోవడం. పోలిక విషయంలో తప్పులు రెండు వైపులా జరుగుతాయి.

ఇక్కడ ఒక మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చెప్పాలి. పేరు ఏమోస్ ట్వెర్‌స్కీ. డేనియల్ కానెమన్‌తో కలిసి మనుషుల నిర్ణయాల మీద పనిచేసినాయన. ఈయన 1977లో పోలిక గురించి ఒక పెద్ద వ్యాసం రాశారు. అందులో ఒక ప్రశ్న చూడండి. "ఉత్తర కొరియా చైనా లాంటిది" అనాలా, "చైనా ఉత్తర కొరియా లాంటిది" అనాలా? లెక్క ప్రకారం రెండూ ఒకటే కావాలి కదా, ఇది దానికి ఎంత దూరమో అది దీనికి అంతే దూరం. కానీ జనం మొదటిదే ఎంచుకున్నారు. చిన్నదాన్ని, తక్కువ తెలిసినదాన్ని, పెద్దదాంతో పోలుస్తారు. పెద్దదాన్ని చిన్నదాంతో పోల్చరు.

మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు లెండి. "పిల్లాడిది అచ్చం నాన్న పోలికే" అంటాం. "నాన్నది అచ్చం పిల్లాడి పోలిక" అని ఎవరమైనా అంటామా? తెలుగులో "పోలిక" అన్న మాటే చూడండి. ఒకేలా ఉండటాన్నీ పోలిక అంటాం, పక్కపక్కన పెట్టి చూడటాన్నీ పోలిక అంటాం. రెండిటికీ ఒకటే మాట. అందుకేనేమో, పక్కన పెట్టి చూడకుండానే ఒకేలా ఉందని తేల్చేస్తాం.

ఇప్పుడు దీన్ని వెబ్ సేవలకి తీసుకొద్దాం. బెంగళూరు నుంచి "కూ" అని ఒకటి వచ్చింది గుర్తుందా? 2020లో మొదలైంది, 2021 మొదట్లో బాగా వినిపించింది, తెలుగులో కూడా ఉండేది. ఒక పసుపు పిట్ట. అప్పట్లో అందరూ దాని గురించి చెప్పిన మొదటి మాట ఏంటి? "ట్విట్టర్ లాంటిది, మనది." ట్విట్టర్‌ని మాత్రం ఎవరూ "కూ లాంటిది" అనలేదు. ఈ ఒక్క వాక్యంలో కూకి దొరికిన లాభమూ ఉంది, నష్టమూ ఉంది. లాభం ఏంటంటే ఎవరికీ ఏదీ నేర్పించక్కర్లేదు. చిన్న మాట రాయాలి, ఎవరినో అనుసరించాలి, అంతే. నష్టం ఏంటంటే, వెళ్లిన ప్రతివాళ్లూ అక్కడ ట్విట్టర్‌ని వెతుక్కున్నారు. ట్విట్టర్‌లో ఉన్న మనుషులు అక్కడ లేరు. భారతీయ భాషల్లో రాసుకోడానికి కూ చేసిన ఏర్పాట్లు బాగుండేవి, నా దృష్టిలో అదే దాని అసలు సరుకు. కానీ "లాంటిది" అని వెళ్లినవాడు లోటునే చూస్తాడు, ఎక్కువ ఉన్నదాన్ని చూడడు. 2024 జూలైలో అది మూతపడింది. మూతపడటానికి కారణాలు చాలా ఉన్నాయి, డబ్బు అందులో పెద్దది. ఈ పోలిక ఒక్కటే ముంచిందని నేను అనడం లేదు. కానీ ఆ నీడలోంచి అది బయటికి రాలేకపోయింది.

ట్వెర్‌స్కీ వ్యాసంలోనే ఇంకొకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. రెండు జంటలు ఇచ్చారు. ఒకటి తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ. ఇంకొకటి సిలోన్, నేపాల్. "ఏ జంట ఎక్కువ ఒకేలా ఉంది?" అని కొందరిని అడిగితే ఎక్కువమంది రెండు జర్మనీలు అన్నారు. ఇంకో గుంపుని "ఏ జంటలో ఎక్కువ తేడా ఉంది?" అని అడిగితే, వాళ్లలో కూడా ఎక్కువమంది రెండు జర్మనీలే అన్నారు! అదెలా? ఎందుకంటే ఆ రెండు జర్మనీల గురించి వాళ్లకి చాలా తెలుసు. పోలికలు అడిగితే పోలికలు గుర్తొస్తాయి, తేడాలు అడిగితే తేడాలు గుర్తొస్తాయి. సిలోన్, నేపాల్ గురించి పెద్దగా తెలియదు కాబట్టి ఏదీ గుర్తురాదు. అంటే జవాబు ప్రశ్నలోనే ఉంది.

మనకి దీనికి సరిపోయే జంట మీసేవ. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. 2014లో రాష్ట్రం రెండయ్యాక పేరు రెండుచోట్లా ఉంది, వెబ్‌సైట్లు వేరయ్యాయి. "ఒకటేనా?" అని అడిగితే "ఆఁ, ఒకటే, ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, అవే కదా" అంటారు. "తేడా ఏంటి?" అని అడిగితే, ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయని, 2025 నుంచి వాట్సాప్‌లోనే మన మిత్ర అని మొదలైందని, అక్కడి కాగితం ఇక్కడ చెల్లదని, గంటసేపు చెప్తారు. మనిషి అదే, తెలిసిన విషయాలు అవే. కాబట్టి ఎవరైనా మీతో "ఈ రెండు సర్వీసులూ ఒకేలాంటివి కదండీ" అన్నప్పుడు, అలా అడగకుండా "ఈ రెండిట్లో తేడా ఏంటి" అని మీరు ఒకసారి తిప్పి అడుగుకోండి. బుర్ర వేరే అరలు తెరుస్తుంది.

సరే, కథ ఇంతవరకే అయితే ఇది కాలక్షేపం కబుర్లు. పోలిక వల్ల జనం నిజంగా ఇబ్బందిపడ్డ సందర్భం ఒకటి ఉంది, పేటీఎం సంగతి. 2024 జనవరి 31న రిజర్వ్ బ్యాంక్ ఒక ఆదేశం ఇచ్చింది. పేటీఎం పేమెంట్స్ బ్యాంక్ ఫిబ్రవరి 29 తర్వాత కొత్తగా డిపాజిట్లు తీసుకోకూడదు, వాలెట్లలో, ఫాస్టాగుల్లో డబ్బు వేయించుకోకూడదు అని. ఆ గడువు తర్వాత మార్చి 15కి పొడిగించారు. వార్త రాగానే జనంలో వినిపించిన మాట ఒకటే, "పేటీఎం పోయింది."

ఏ పేటీఎం? అక్కడ ఒకే నీలం రంగు బొమ్మ కింద కనీసం మూడు వేరువేరు విషయాలు ఉన్నాయి. మొదటిది యాప్. మీ స్టేట్ బ్యాంక్ ఖాతానో, ఆంధ్రా బ్యాంక్ విలీనమయ్యాక యూనియన్ బ్యాంక్ అయిన ఖాతానో దానికి కలుపుకుని యూపీఐ వాడుతున్నవాళ్ల డబ్బు వాళ్ల సొంత బ్యాంకులోనే ఉంది, ఈ ఆదేశం ఆ ఖాతాని ముట్టుకోలేదు. రెండోది వాలెట్, అంటే ముందే డబ్బు వేసి పెట్టుకునే సంచి. దాంట్లో ఉన్నది వాడుకోవచ్చు, మార్చి 15 తర్వాత కొత్తగా వేయలేరు. మూడోది పేమెంట్స్ బ్యాంక్ ఖాతా. దుకాణం పెట్టుకున్నాయన తన క్యూఆర్ కోడ్ డబ్బులు ఆ ఖాతాలోనే పడేలా పెట్టుకుంటే, ఆయన వేరే బ్యాంకుకి మార్చుకోవాలి. మార్చుకోకపోతే అమ్మకం ఆగుతుంది. నిజంగా పరిగెత్తాల్సింది ఈ మూడోవాళ్లు, ఫాస్టాగ్ ఉన్నవాళ్లు. పరిగెత్తక్కర్లేనివాళ్లు మొదటివాళ్లు. కానీ తెర మీద అన్నిటికీ ఒకే పేరు, ఒకే రంగు. మీరు ఏ వరసలో ఉన్నారో మీ ఫోన్ చూసి మీకే తెలియదు. చివరికి మార్చి 14న యాప్‌ని యూపీఐలో కొనసాగించడానికి ఎన్‌పీసీఐ అనుమతి ఇచ్చింది, యాక్సిస్, హెచ్‌డీఎఫ్‌సీ, స్టేట్ బ్యాంక్, యెస్ బ్యాంక్, ఈ నాలుగింటితో కలిసి.

ఇక్కడ జనాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. అన్నీ ఒకటే అనిపించేలా కట్టింది కంపెనీలే. ఒక యాప్ తెరిస్తే బిల్లు, లోను, బంగారం, బీమా, సినిమా టికెట్టు, అన్నీ ఒకే సైజు గుండ్రటి బొమ్మలు. బంగారం బొమ్మ వెనక ఒక సంస్థ ఉంటుంది, బీమా వెనక ఇంకొకటి, అప్పు ఇచ్చేది మరొకటి. అప్పు బొమ్మా, రీఛార్జి బొమ్మా ఒకే సైజులో పక్కపక్కన ఉంటే, రెండూ ఒకే బరువు ఉన్న పనులు అనిపిస్తాయి. అవునా?

రంగు, చోటు, ఆకారం, వీటితోనే మనం గుర్తుపడతాం. మా పెద్దమ్మగారు ఉన్నారు, చదువు తక్కువ, ఫోన్ మాత్రం బాగా వాడతారు. ఆవిడ యాప్ పేరు ఎప్పుడూ చదవరు. "ఊదా రంగుది, కింద కుడి పక్కన" అంటారు. కొత్త ఫోన్ కొన్నప్పుడు బొమ్మల వరస మారితే, "ఇందులో అది లేదు" అన్నారు. ఉంది, చోటు మారిందంతే. చదువుకున్నవాళ్లం మనం మాత్రం వేరేగా చేస్తామా ఏంటి? 2020 అక్టోబరులో గూగుల్ తన జీమెయిల్, క్యాలెండర్, డ్రైవ్, మీట్ బొమ్మలన్నిటినీ అవే నాలుగు రంగుల్లోకి మార్చింది. అన్నీ ఒక ఇంటి పిల్లల్లా కనిపించాలని వాళ్ల ఉద్దేశం. ఇంజనీర్లే ఒకటి తెరవబోయి ఇంకొకటి తెరుస్తున్నామని విసుక్కున్నారు. పని వేరు, మొహం ఒకటి. నాకు ఇప్పటికీ ఆ మార్పు నచ్చలేదు.

వెబ్ డిజైన్ చేసేవాళ్లకి జేకబ్ నీల్సన్ అనే ఆయన పేరుతో ఒక సూత్రం ఉంది. మీ సైటుకి వచ్చే మనిషి తన సమయంలో ఎక్కువ భాగం వేరే సైట్లలో గడుపుతాడు, కాబట్టి మీదీ వాటిలాగే పనిచేయాలని కోరుకుంటాడు, అని దాని సారాంశం. బండి బొమ్మ అంటే కొన్న సరుకుల బుట్ట, మూడు గీతలంటే మెనూ, భూతద్దం అంటే వెతకడం. ఇది మంచిదే. ఊరు మారితే బస్సు ఎక్కే పద్ధతి మారకూడదు కదా. రెడ్‌బస్, హైదరాబాద్ నుంచి వచ్చిన అభిబస్, ఆర్టీసీ సొంత సైటు, మూడిట్లోనూ సీట్ల పటం ఒకేలా ఉంటుంది, ఒకదాంట్లో నేర్చుకుంటే మూడూ వచ్చినట్టే. కానీ టికెట్టు రద్దు చేయాల్సి వస్తే మాత్రం, మీరు కొన్న చోటికే వెళ్లాలి. బస్సు ఒకటే, సీటు ఒకటే, అడగాల్సిన గుమ్మం వేరు. కొనేటప్పుడు కనిపించని తేడా, ఏదైనా చెడినప్పుడే కనిపిస్తుంది.

ఇంకో కోణం చూడండి. పోలిక మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లని నిషేధించింది, అందులో టిక్‌టాక్ ఒకటి. వారం పది రోజుల్లోనే, జూలై 8న, ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. షేర్‌చాట్ వాళ్లు మోజ్ తెచ్చారు. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోనే మొదట పరీక్షకి పెట్టింది. చూసేవాళ్లకి ఏం తేడా వచ్చింది? నిలువు వీడియో, బొటనవేలితో పైకి తోస్తే ఇంకొకటి. కొన్ని వారాల్లో అలవాటైపోయింది, "అదీ ఇదీ ఒకటే" అన్నారు.

చేసేవాళ్లని అడగండి. పొలం గట్టు మీద, ఇంటి డాబా మీద వీడియోలు తీసి లక్షల మంది అభిమానుల్ని సంపాదించుకున్న తెలుగు కుర్రాళ్లు, అమ్మలు, మామ్మలు ఎంతమంది! ఆ సంఖ్య ఒక్క రాత్రిలో సున్నా. కొత్త చోట మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాలి. ఎందుకంటే ఆ అభిమానుల జాబితా వాళ్లది కాదు, కంపెనీది. దాన్ని మూటగట్టుకుని వేరేచోటికి తీసుకెళ్లలేరు. పైగా టిక్‌టాక్ నడిచే తీరు వేరు. మీరు ఎవరినీ అనుసరించకపోయినా, మీరు ఏది ఆగి చూస్తున్నారో దాన్ని బట్టి ముక్కూమొహం తెలియని మనిషి వీడియో మీ ముందు పెట్టేది. ఇన్‌స్టాగ్రామ్ పుట్టుకతో తెలిసినవాళ్ల ఫొటోలు చూసుకునే చోటు, ఆ గుణం దాని ఎముకల్లో ఉంది. తెర ఒకేలా ఉండటం వేరు, తెర వెనక ఎవరిని ఎవరికి చూపించాలో నిర్ణయించే పద్ధతి ఒకేలా ఉండటం వేరు. చూసేవాడి చోటు నుంచి నూటికి తొంభై పాళ్లు పోలిక, చేసేవాడి చోటు నుంచి అసలు పోలికే లేదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

వాట్సాప్, టెలిగ్రామ్ కూడా ఇలాంటి జంటే. ఎడమ పక్క మనుషులు, కుడి పక్క మాటలు, రెండు టిక్కులు. గ్రూప్ వన్, డీఎస్సీ చదివే పిల్లలు నోట్సు కోసం టెలిగ్రామ్‌లో ఉంటారు, ఇంటివాళ్లతో వాట్సాప్‌లో ఉంటారు. టెలిగ్రామ్‌లో నంబరు కనపడకుండా దాచుకోవచ్చు కాబట్టి అదే ఎక్కువ గుట్టు అనుకుంటారు. గ్రూపులో తోటివాళ్ల నుంచి అయితే నిజమే. కానీ సందేశం మధ్యలో ఎవరూ, చివరికి కంపెనీ కూడా, చదవలేకుండా రెండు చివరలా తాళం వేయడం అని ఒకటుంది. వాట్సాప్ మామూలు చాట్‌లకి 2016 నుంచి అది తనంతట తానే ఉంటుంది. టెలిగ్రామ్ మామూలు చాట్‌లకి అది ఉండదు. ఇద్దరి మధ్య మాత్రమే సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే ఉంటుంది, గ్రూపులకి లేనే లేదు. ఎవరి నుంచి గుట్టు కావాలి అన్నది తేల్చుకోకుండా "ఏది ఎక్కువ సేఫ్" అంటే జవాబు లేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. ఇంతసేపూ మాట్లాడుకున్నవి నిజమైన సేవలు. కావాలని పోలిక తెచ్చుకుని మోసం చేసేవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల సంగతి. తిరుమలలో గదుల కోసం, దర్శనం కోసం వెతికేవాళ్లని పట్టుకోడానికి నకిలీ సైట్లు పుడుతూనే ఉన్నాయి. టీటీడీ పలుమార్లు ఫిర్యాదులు చేసింది, కేసులు నమోదయ్యాయి. అవే రంగులు, అదే శ్రీవారి బొమ్మ, దాదాపు అదే అమరిక. కొంతమంది "చదువుకుని కూడా ఎలా మోసపోతారు" అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. అసలు సైటు చిరునామా చరిత్ర చూడండి. 2020 వరకు అది టీటీడీసేవాఆన్‌లైన్ డాట్ కామ్. 2020లో తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అయింది. 2024 జనవరిలో టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అయింది. నాలుగేళ్లలో మూడు చిరునామాలు. ప్రభుత్వ చిరునామాకి మారడం మంచి పనే, కాదనను. కానీ పేరు మాటిమాటికీ మారితే భక్తుడి చేతిలో మిగిలేది ఏంటి? మొహం ఒక్కటే. ఆ మొహాన్నే కదా దొంగ కాపీ కొట్టేది.

[తెర మీద ఒక చిరునామా చూపిస్తూ] ఇది జాగ్రత్తగా చూడండి. నేను తయారుచేసిన ఉదాహరణే, వెతకకండి. "టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ డాట్ రూమ్‌బుకింగ్ డాట్ ఏదో." మొదట్లో అంతా సరిగ్గానే ఉంది కదా? కానీ వెబ్ చిరునామాని మన ఉత్తరం చిరునామా లాగా చదవాలి. ఉత్తరం మీద ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, చివర్న జిల్లా. ఎవరైనా "తిరుమల వీధి" అని మొదట రాసి, చివర "అనంతపురం జిల్లా" అని రాస్తే ఉత్తరం ఎక్కడికి వెళ్తుంది? అనంతపురానికే. వీధి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అలాగే ఇక్కడ కూడా మొదటి ఏటవాలు గీత ఎక్కడొస్తుందో చూసి, దానికి సరిగ్గా ముందున్న ముక్కని చదవండి. అది "జీఓవీ డాట్ ఇన్" అయితే ప్రభుత్వ సంస్థదే, ఆ పేరు బయటివాళ్లకి ఇవ్వరు. వేరే ఏదైనా అయితే మొదట్లో ఏం రాసి ఉన్నా పట్టించుకోకండి.

బ్యాంకులకి కూడా ఈ పద్ధతి వచ్చింది. రిజర్వ్ బ్యాంక్ 2025లో మన బ్యాంకులన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే చివరకి మారాలని చెప్పింది, అక్టోబరు 31 గడువు పెట్టింది. నాకు ఇది చాలా మంచి పని అనిపించింది. ఎందుకంటే వంద బ్యాంకుల మొహాలు గుర్తుపెట్టుకోమని కాకుండా, ఒక్క తోక గుర్తుపెట్టుకోమంటోంది.

తాళం బొమ్మ సంగతి కూడా చెప్పేస్తాను. చిరునామా పక్కన తాళం ఉంటే మంచి సైటు అని మనకి ఏళ్ల తరబడి నేర్పారు. ఆ తాళం చెప్పేది ఒక్కటే, మీకూ ఆ సైటుకీ మధ్య దారిలో ఎవరూ తొంగిచూడలేరని. ఆ సైటు దొంగదైతే, దొంగకి మీరు చాలా భద్రంగా మీ వివరాలు అందిస్తారు. (నవ్వు) జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మ తీసేసి వేరేది పెట్టింది.

డబ్బు విషయంలో ఇంకొక్క పోలిక ఉంది. పంపే తెర, ఇమ్మని అడిగే తెర పక్కపక్కనే చూస్తే దాదాపు ఒకేలా ఉంటాయి. పేరు, అంకె, కింద ఒక బటన్. "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అని ఫోన్‌లో తొందర పెడితే పాత సామాన్లు అమ్ముకునేవాళ్లు ఎంతోమంది కొట్టేశారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదండీ, పంపడానికే కావాలి. వ్యక్తుల మధ్య ఇలా డబ్బు అడిగే ఏర్పాటుని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు నుంచి ఆపేసింది. కానీ వ్యాపారుల పేరుతో వచ్చేవి ఇంకా ఉన్నాయి, దొంగ క్యూఆర్ పంపి "ఇది స్కాన్ చేస్తే మీకు పడతాయి" అనేవాళ్లు కూడా ఉన్నారు. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. రేపు చూద్దాం అనొద్దు. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపాలి, గంటలు లెక్క.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ చేతికొచ్చినప్పుడు ఒక పని చేయండి. టీటీడీ, కరెంటు బిల్లు, బ్యాంకు, వాళ్లు తరచూ వెళ్లేవి నాలుగైదు అసలు చిరునామాలు చూసి, వాటిని ఫోన్ తెర మీదే బొమ్మలుగా పెట్టేయండి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కితే "హోమ్ స్క్రీన్‌కి జోడించు" అని ఉంటుంది. వాళ్లు ఎలాగూ చోటుని బట్టే గుర్తుపడతారు కదా, ఆ చోటులో అసలుది ఉంటే గూగుల్‌లో వెతికే అవసరమే రాదు. వెతికినప్పుడే పైన ప్రకటనల్లో దొంగవి తగులుతాయి. పెట్టిన తర్వాత మాత్రం వరస మార్చకండి.

వచ్చే ఎపిసోడ్‌లో, ఒక సర్వీసు మానేసి వెళ్లేటప్పుడు మన ఫొటోలు, మెయిళ్లు, నంబర్లు వెంట తీసుకెళ్లడం ఎలాగో చూద్దాం. గూగుల్ టేకౌట్ నుంచి మొదలుపెడతాను, ఫోన్‌లో కాస్త ఖాళీ జాగా ఉంచుకోండి. ఉంటానండీ, నమస్కారం.